నీడలు కూర్చునే దుకాణం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బాపిరాజుగారి చీరల షోరూంలో పొద్దున్నే షట్టర్ లేవగానే ముందు అగరొత్తులు, తర్వాత చీరల మడతలు, ఆ తర్వాత నిలబడటం. అక్కడ నిలబడటం కూడా ఒక పనేనండీ! కొనేవాళ్లకు మెత్తటి స్టూళ్లున్నాయి, గల్లాపెట్టె దగ్గర బాపిరాజుగారికి తిరిగే కుర్చీ ఉంది. అమ్మే ఆడవాళ్లు మాత్రం షట్టర్ దిగేదాకా కాళ్ల మీదే ఉండాలి. అమ్మేవాళ్లు కూర్చుంటే బేరం కూడా కూలబడుతుందని భీమవరంలో బాపిరాజుగారి నాన్నగారు అనేవారట.

అయితే మధ్యాహ్నం దాటాక వాళ్ల నీడలు కూర్చునేవి. మనుషులు నిలబడే ఉంటారు, నేల మీద నీడలు మాత్రం కాళ్లు చాపుకునో, గోడకానుకునో ఉంటాయి. చీరలకొచ్చినవాళ్లు వాటిని తొక్కకుండా పక్కనుంచి పోయేవాళ్లు. దాన్ని వింతనుకున్నవాళ్లు లేరు. అలసిన నీడ కూర్చోక ఏం చేస్తుంది?

మీర్‌పేట్ నుంచి వచ్చే అరుణ నీడ మాత్రం ఈ మధ్య పొద్దున్నే కూలబడుతోంది. అరుణ పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్లలా తేలాయి. "గిట్లనే నిలబడితే పుండ్లయితయి. కూసొని చెయ్యి, లేకుంటే ఆ పని బంద్ చెయ్యి" అంది దవాఖానలో డాక్టరమ్మ. మానేస్తే ఇల్లు గడవదు, ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. అడుగుదామంటే, నిరుడు స్టూలు అడిగిన కోటేశ్వరమ్మను మర్నాటి నుంచి రావద్దన్నారు.

అంతలో తెలంగాణ బంద్ వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో, బస్సుల్లేవు. అయినా బాపిరాజుగారు అందరికీ ఫోన్లు చేశారు, సగం షట్టర్ కిందనుంచైనా పెళ్లి బేరాలు రాకపోతాయా అని. అరుణ మీర్‌పేట్ నుంచి నడిచే వచ్చింది. బేరం ఒక్కటీ రాలేదు. అయినా అందరూ నిలబడే ఉన్నారు.

"సేట్, గిరాకీ లేకపాయె. జర కూసుంటం" అంది కర్మన్‌ఘాట్ అండాలమ్మ, అందరిలోకి పెద్దది.

"అలవాటు తప్పుతుంది అండాలమ్మా! ఇవాళ కూర్చుంటే రేపు లేవలేరు."

"మరి మీరు రోజూ కూసుంటుండ్రు. మంచిగనే లేస్తుండ్రు గద?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాపిరాజుగారు దగ్గి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

అప్పుడే అరుణ నీడ నిలువునా పడుకుంది. అందరికీ కనబడింది.

ఇంతలో బాపిరాజుగారి కుర్చీ కింద నీడ లేచింది. నిదానంగా స్టూళ్ల మధ్యనుంచి నడిచి, అరుణ నీడకు చెయ్యిచ్చి లేపింది. తీసుకెళ్లి కుర్చీ నీడలో కూర్చోబెట్టింది. తను వెనక్కొచ్చి, కౌంటర్ దగ్గర అరుణ చోటులో చేతులు కట్టుకుని నిలబడింది.

కాసేపటికి బాపిరాజుగారు వంగి పిక్కలు పట్టుకున్నారు. కూర్చున్న మనిషికి కాళ్లు గుంజడమేమిటి! ఒక్కో నరమూ నిప్పుతీగలా మండింది.

"ఎన్నాళ్లుగా ఇలా ఉందమ్మా?" అన్నారు అరుణ వైపు చూసి.

"దసరా కాడికెళ్లి, సార్."

"చెప్పొచ్చుగా!"

"చెప్తే తెల్లారి రానిస్తుంటిరా?"

ఆయన కుంటుతూ లేచి, కొనేవాళ్ల స్టూళ్లు ఒక్కొక్కటే తన చేత్తో కౌంటర్ వెనక్కి జరిపారు. అండాలమ్మ సాయానికి రాబోతే వద్దన్నారు.

అరుణ కూర్చుంది. ఉత్తిచేతులతో కూర్చోవడం చేతకాక, ఒక చీర ఒళ్లోకి లాక్కుని మడతపెట్టసాగింది.

"రేపు గుడ బస్సులుండయంటుండ్రు, సార్" అంది తలెత్తకుండా.

"అయితే ఇంట్లోనే ఉండు, నడిచి రాకు" అన్నారు బాపిరాజుగారు, ఇంకా నిలబడే. "బస్సులు తిరిగాక రా. ఆ స్టూలు ఇంకెవరికీ ఇవ్వను."