అధికారం ఉన్న చెయ్యి

ఆ ఉదయం ఆకాశం, కురవడానికి పైనుంచి ఇంకా అనుమతి రానట్టు మబ్బు పట్టి ఊరుకుంది. అత్తగారికి మర్నాడు గుండె ఆపరేషన్. ఈలోగా ఎవరైనా తన తల మీద చేతులుంచి ఆశీర్వదించాలని ఆవిడ కోరిక. మార్మన్ క్రైస్తవ సంఘంలో అది యాజకత్వం, అంటే దేవుడి పేరున ఆశీర్వదించే అధికారం, ఉన్న మగవాళ్ళ పని. ఇంట్లో ఆ యోగ్యత లారీ నడిపే అల్లుడికి ఉంది. నర్సుగా ఏళ్ళ తరబడి రోగుల పక్కన నిలబడ్డ కూతురికి లేదు.

అల్లుడు అత్తగారి నడినెత్తిన నూనె చుక్క వేసి, చేతులుంచి, పేరు పెట్టి పిలిచి ఆగిపోయాడు.

“నాకున్న యాజకత్వ అధికారంతో, అనండి,” భార్య మెల్లగా అందించింది.

“తెలుసులేవే,” అని అదే అన్నాడు. మళ్ళీ ఆగాడు.

“భయం పోవాలనండి.”

“భయం పోవాలి.”

అధికారం ఆయనది, మాటలు ఆమెవి. సంసారం ఎప్పటిలాగే సాగుతోంది.

అత్తగారు కళ్ళు తెరిచింది. “అల్లుడుగారూ, రేడియో బాగానే పలుకుతోంది. పాడే మనిషి పక్కనే ఉండగా రేడియో ఎందుకు? అమ్మాయి చెయ్యి కూడా పెట్టనివ్వండి.”

“రూలు ఒప్పుకోదత్తయ్యా. బిషప్ గారు అడిగితే?”

“నెత్తి నాది. నన్నడగమనండి.”

అల్లుడు ఒక చెయ్యి తీసి చోటిచ్చాడు. కూతురు అక్కడ తన చెయ్యి పెట్టింది. తల్లి ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

ప్రార్థన అయ్యాక అల్లుడే ముగ్గురికీ అన్నం వడ్డించాడు.