ఎర్ర అంకె మొక్కు

నేను ఒక చేతి పట్టీని. గడియారంలా కనిపిస్తాను గానీ, వేళ చెప్పడం నాకు చిల్లర పని. మణికట్టు మీద కూర్చుని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూడడం నా అసలు ఉద్యోగం. నిదానంగా ఉంటే అంకెను పచ్చగా చూపిస్తాను, హద్దు మీరితే ఎర్రగా. ఫ్యాక్టరీలో ఇంతే నేర్పారు. మనుషుల గురించి ఎవరూ హెచ్చరించలేదు.

కాకినాడలో గోవర్ధన్ అనే ఫొటోగ్రాఫర్ నన్ను కొన్నాడు. వీధి మొత్తానికి చూపించాడు, నడవడం మాత్రం మర్చిపోయాడు. కొన్నాళ్లకే సొరుగులో పాత ఛార్జర్ల పక్కన చేరాను. మళ్లీ వెలుగు చూసేసరికి అతని కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. కాలేయం పాడైంది. ఎవరైనా తమ కాలేయంలో ముక్క ఇస్తే తప్ప బతకడన్నారు. అక్క నాగమల్లేశ్వరి నేనిస్తానంది. రక్తం కలిసింది గానీ, ఆమె కాలేయం నిండా కొవ్వు తేలింది.

"అది తగ్గితేనే ఆపరేషనమ్మా. రోజూ నడవండి, తిండి తగ్గించండి," అన్నారు డాక్టరు గారు. ఆమె నన్ను తీసి తన చేతికి కట్టుకుంది.

అక్కడితో నా సుఖం ముగిసింది. మల్లేశ్వరికి నడక అంటే మొక్కు. మొక్కంటే ఒళ్లు హూనం కావాలి. మోకాళ్లతో కొండ మెట్లెక్కిన మనిషి పార్కులో తీరిగ్గా నడిస్తే దేవుడేమనుకుంటాడు? అందుకని పరుగు తీసేది. నేను ఎర్రబడి గోల పెట్టేదాన్ని. ఆమె నన్ను కళ్లకద్దుకుని, "ఎర్రబడిందంటే కొవ్వు కాలుతున్నట్టే!" అనేది.

కాదు తల్లీ! గుండె అలా దడదడలాడేటప్పుడు ఒళ్లు ఎక్కువగా చక్కెరనే వాడుకుంటుంది, చప్పున అందేది అదే కాబట్టి. కొవ్వు నిదానంగా ఖర్చయ్యే సరుకు. పరుగులో మొత్తం ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఈవిడ పరుగు పార్కు రెండో మలుపు దాకానే! తర్వాత బెంచీ. ఇంటికెళ్లేసరికి ఆకలి దంచేసేది. నీరసమంటూ ఉప్మా పెసరట్టు, దాని మీద ఇంకొకటి. నోరు లేకుండా పుట్టినందుకు నాకు ఏడుపొచ్చేది.

రెండో పరీక్షలోనూ కొవ్వు తగ్గలేదు. అక్కడ తమ్ముడి పొట్టలో నీరు చేరుతోంది. "నా ఒళ్లే వాడికి అడ్డం పడితే ఇంకెవర్ని తిట్టనండీ!" అని మల్లేశ్వరి డాక్టరు గారి ముందే ఏడ్చేసింది. ఆయన నాలోని ఎర్ర అంకెలు చూసి తల పట్టుకున్నారు.

"ఇదేం పరుగమ్మా! పక్కవాళ్లతో కబుర్లాడగలిగేంత నిదానంగా, గంటసేపు నడవండి. ఆ పెసరట్లు కూడా ఆపండి."

కబుర్లకు పక్కింటి రమాతులసి దొరికింది. మర్నాడే, "వదినా, పైవాటా వాళ్ల ఫ్రిజ్ కథ విన్నావా?" అని మొదలుపెట్టింది.

"తమ్ముడక్కడ అలా ఉంటే నాకు కబుర్లేంటి తులసీ?"

"నోరు మూసుకుంటే పరిగెడతావొదినా. మాట్లాడు."

మల్లేశ్వరి మాట్లాడింది. గుండె నెమ్మదించింది, నేను పచ్చబడ్డాను. తమ్ముడి ప్రాణం కోసం ఒక మనిషి రోజూ గంటసేపు ఊరి గుట్టంతా తవ్విపోసింది. ఇంత పుణ్యం మూటగట్టిన చాడీలు నేనెక్కడా వినలేదు. మూడో పరీక్షలో డాక్టరు గారు నవ్వారు. ఆపరేషన్ రోజు నన్ను విప్పి పక్కన పెట్టారు. ఆ రోజంతా ఎవరి గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలియదు. భయమేసింది.

ఇప్పుడు మళ్లీ గోవర్ధన్ చేతికే ఉన్నాను. నడవమన్నారు, నడుస్తున్నాడు. ఆ కాళ్లకు చక్కెర దాచిపెట్టి అందిస్తున్నది అక్క ఇచ్చిన ముక్కే. కానీ ఇతనిదీ ఆ అక్క రక్తమే కదా! ఈ ఉదయం అదే పార్కులో, అదే రెండో మలుపులో ఉత్సాహం పట్టలేక పరుగందుకున్నాడు. నేను ఎర్రబడ్డాను. వెనక పొట్ట మీద చెయ్యేసుకుని వస్తున్న మల్లేశ్వరి కేకేసింది.

"ఒరేయ్, అది నాది! మెల్లిగా వాడుకో."

అతను ఆగాడు. అక్క వచ్చి పక్కన చేరింది. ఇద్దరూ పైవాటా వాళ్ల ఫ్రిజ్ గురించి మాట్లాడుకుంటూ నడిచారు. నేను పచ్చబడ్డాను.