సుమిత్ర అడిగిన జామ్

రేడియేషన్ అయిపోయింది. గొంతులో గడ్డ కరిగిందని డాక్టర్లు సంతోషించారు. గడ్డతో పాటే సుమిత్ర నోట్లో రుచి కూడా పోయింది.

అన్నం పెడితే ఇసుక అంది. పప్పు కలిపి పెడితే తడి ఇసుక అంది. మామిడికాయ తొక్కు నాలుకకు రాస్తే మంట తెలిసింది కానీ పులుపు తెలియలేదు. నోట్లో నీరు ఊరడం కూడా ఆగిపోవడంతో ప్రతి ముద్దనీ నీళ్ళు తాగి కిందికి తోసుకోవాల్సి వచ్చేది. ముద్ద ముద్దకీ అలసిపోయి, మూడో నాలుగో ముద్దకు కంచం పక్కకు జరిపేసేది. జాకెట్లు వదులైపోయాయి. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి.

"ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుంది" అని ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి చెప్పింది. మెత్తగానే చెప్పింది. "ఆవిడకు ఏది ఇష్టమైతే అది పెట్టండి, పథ్యం గిథ్యం చూడకండి" అని కూడా చెప్పింది.

సుమిత్ర భర్త బ్రహ్మచారి పాట్ మార్కెట్‌లో కంసాలి. నగలకు రాళ్ళు పొదగడంలో పేరున్నవాడు. తెగిన గొలుసైనా, వంగిన కమ్మయినా అతని ముందు పెడితే ఎక్కడ పట్టుకోవాలో వేళ్ళకే తెలిసేది. అలాంటివాడు ఇంట్లో భార్య ఎదురుగా కూర్చుని, ఆమె బుగ్గలో ఉండిపోయిన ముద్దను చూస్తూ, అది ఎప్పుడు దిగుతుందా అని తనూ గుటక వేస్తూ ఉండేవాడు. అంతకంటే చెయ్యగలిగిందేమీ కనపడలేదు. షాపుకు పోవడం తగ్గించేశాడు. పోయినా చెయ్యి ఆడేది కాదు.

వంట సంగతి అతని అక్క శ్యామలమ్మ చూసుకునేది. జనగామలో ఒక్కతే ఉండే మనిషి, మరదలికి జబ్బు చేసిందని తెలిసి బోయిగూడలో వీళ్ళింటికి వచ్చి ఉండిపోయింది. ఆవిడ వండనిది లేదు. మెత్తటి పెసరట్లు, చారు, పాయసం, జావ. సుమిత్ర అన్నిటికీ దండం పెట్టినట్టు తలూపి, రెండు చెంచాలు తిని, కళ్ళు మూసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం శ్యామలమ్మ కునుకు తీస్తున్నప్పుడు సుమిత్ర మొగుణ్ణి దగ్గరికి రమ్మంది. రేడియేషన్ తర్వాత ఆమె గొంతు గుసగుసకు మించి పలకదు.

"ఒకటి తినాలనిపిస్తుంది" అంది.

బ్రహ్మచారి ప్రాణం లేచొచ్చింది. వారాల తరబడి ఆమె నోట 'తినాలి' అన్న మాట రాలేదు.

"చెప్పు. ఏదైనా తెస్త."

"మీకు కోపమొస్తది."

"నాకెందుకొస్తది? చెప్పు."

"బేకన్ జామ్."

జామ్ అన్నది అర్థమైంది. ముందు మాట అర్థం కాలేదు. అతని మొహం చూసి ఆమె విడమరిచి చెప్పింది. "పంది మాంసంతోని చేస్తరు. తియ్యగ, ఉప్పగ ఉంటది. డబల్ రొట్టె మీద రాసుకుంటరు."

వాళ్ళ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అతని నాన్న హయాంలో రాలేదు, ఇప్పుడూ రాలేదు. బ్రహ్మచారి మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. సుమిత్ర ఆగి ఆగి, నీళ్ళు తాగి తాగి, సంగతంతా చెప్పింది. పెళ్ళయిన కొత్తలోనే మారేడ్‌పల్లి స్కూల్ ఆఫీసులో ఉద్యోగానికి చేరింది కదా, అక్కడ పక్క టేబుల్ డొరీన్‌ది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. టిఫిన్ వేళకు రొట్టె మీద ఆ జామ్ రాసుకుని తెచ్చుకునేది. ఒకనాడు వాసనకు ఆగలేక సుమిత్ర ఒక ముక్క అడిగింది. ఆ తర్వాత డొరీన్ రెండు రొట్టెలు ఎక్కువ తెచ్చేది. ఒకసారి ఇంటికి తీసుకెళ్ళి చేసి చూపించింది కూడా. డొరీన్ రిటైరయ్యే దాకా అట్లాగే నడిచింది. డొరీన్ ఇప్పుడు లేదు. చనిపోయి చాలా కాలమైంది.

"ఇన్నేండ్లు తిన్నవా?" అన్నాడు బ్రహ్మచారి.

"ఊఁ."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మానెయ్యమంటరు. మానెయ్యబుద్ధి కాలే."

అతనికి కోపం రాలేదు. వస్తుందేమోనని తనే ఎదురుచూశాడు కానీ రాలేదు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషికి తనకు తెలియని నాలుక ఒకటుందన్న ఆశ్చర్యమే మిగిలింది. ఇంకొకటి కూడా తోచింది. ఇసుకలాంటి ఇన్ని తిండ్ల మధ్య ఈ ఒక్కటి ఆమెకు ఇంకా గుర్తుందంటే, దీని రుచి ఏ మూలనో మిగిలి ఉందేమో. ఆ ఆశ పుట్టాక మిగతా ఆలోచనలన్నీ పక్కకు పోయాయి.

అక్కకు చెప్పకుండా చెయ్యడం అతని వల్ల కాలేదు. శ్యామలమ్మ వంటింట్లో కింద కూర్చుని మెంతికూర తుంచుతోంది. విని, చేతిలోని కట్ట కింద పెట్టింది.

"నాకు చెప్పకుంట చేసుకుంటే అయిపోతుండె గదరా" అంది.

"చెప్పకుంట ఎట్ల జేస్త అక్కా?"

"ఆ పిల్ల అడిగిందా, నువ్వే ఎక్కడన్న విని చేస్తున్నవా?"

"అదే అడిగింది. నోరు తెరిచి అడిగింది."

ఆవిడ మళ్ళీ ఆకు తుంచడం మొదలుపెట్టింది. "నా పొయ్యి ముట్టకు. గిన్నెలు ముట్టకు. వెనక బాల్కనీల చేసుకో. రేపు పొద్దున నేను గుడికి పోత. మెల్లగ వస్త."

మారేడ్‌పల్లిలో మాంసం అమ్మే కోల్డ్ స్టోరేజ్ షాపు ఒకటుందని సుమిత్రే చెప్పింది. ఆటో దిగి, అద్దాల తలుపు నెట్టుకుని లోపలికి పోతే చల్లగాలితో పాటు వాసన కొట్టింది. బ్రహ్మచారి నోటితో ఊపిరి పీల్చుకుంటూ నిలబడ్డాడు. కౌంటర్ వెనకాయన "స్మోక్డా, ప్లెయినా అంకుల్?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక ఇంటికి ఫోన్ చేశాడు. షాపులో ఫ్రిజ్‌ల రొదకు ఆమె గుసగుస వినపడలేదు. బయట మెట్ల మీదికొచ్చి, ఇంకో చెవి మూసుకుని, రెండోసారి అడిగితే అప్పుడు వినపడింది.

"పొగ పెట్టిందే" అంటోంది.

ప్యాకెట్‌లో తెలుపూ గులాబీ చారలతో పల్చటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దాన్ని రెండు కవర్లలో చుట్టించి, సుమిత్ర చెప్పినట్టే దారిలో ఒక కొత్త మూకుడు, గరిటె, కరెంటు పొయ్యి, వెనిగర్ సీసా, కాఫీ పొడి పొట్లం కొన్నాడు. కాఫీ ఎందుకో అతనికి అర్థం కాలేదు. వాళ్ళింట్లో అందరూ చాయ్ మనుషులే.

మర్నాడు శ్యామలమ్మ దేవుడి గది తలుపు దగ్గరగా వేసి గుడికి వెళ్ళింది. సుమిత్రను కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, బాల్కనీ గుమ్మంలోకి జరిపాడు. అతను నేల మీద పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. ప్యాకెట్ కోశాక చెయ్యి ముందుకు పోలేదు. చేతికి కవరు తొడుక్కుందామని చూశాడు. సుమిత్ర చూస్తోంది. కవరు పక్కన పడేసి ఉత్త చేత్తోనే తీశాడు. చల్లగా, జారుగా ఉంది. కత్తితో సన్నగా కోశాడు. నగ మీద పనిచేసే చెయ్యి కాబట్టి ముక్కలు ఒకే కొలతలో వచ్చాయి.

"నూనె వద్దు" అంది సుమిత్ర. "దాని కొవ్వే దిగుతది. సన్న మంట మీద."

కొవ్వు కరిగి మూకుడంతా పరుచుకుంది. ముక్కలు ముడుచుకుని ఎర్రబడ్డాయి. వాటిని తీసి పక్కన పెట్టించి, ఆ కొవ్వులోనే ఉల్లిగడ్డలు వేయించమంది. ఉల్లిగడ్డలు బంగారు రంగుకు రాగానే అయిందన్నాడు. ఇంకా కానీ అంది. గోధుమ రంగుకు వచ్చాయి. ఇంకా కానీ అంది. వెల్లుల్లి, మిరియాల పొడి, కొట్టిన బెల్లం, చిక్కటి కాఫీ డికాక్షన్, చెంచాడు వెనిగర్. వెనిగర్ పడగానే ఘాటు లేచి అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ముక్కలు మళ్ళీ అందులో వేసి కలుపుతూ కూర్చున్నాడు. బెల్లం పాకం పట్టి, అంతా నల్లగా మెరుస్తూ ఉడకసాగింది. కింది వాటాలో ఉండే కల్పలత కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం జేస్తున్నరు బాబాయ్, వాసన మస్తుగొస్తుంది" అంది. బ్రహ్మచారి ఏదో పిండివంట అన్నాడు.

"వాసన తెలుస్తుందా?" అని సుమిత్రను అడిగాడు.

ఆమె ముక్కుతో గాలి లాగింది. మళ్ళీ లాగింది. "ఏదో ఉన్నట్టుంది" అంది. ఆమె కళ్ళు మెరవడం చూసి అతని చెయ్యి వేగంగా తిరగసాగింది.

"అడుగంటుతది, నెమ్మది" అంది ఆమె.

చల్లారాక రొట్టె అంచులు తీసేసి, పాలలో తడిపి, దాని మీద కొంచెం పరిచి ఆమె నోటికి అందించాడు. సుమిత్ర కళ్ళు మూసుకుంది. దవడ మెల్లగా కదిలింది. అతను ఆమె మొహాన్ని కళ్ళతో పట్టుకుని కూర్చున్నాడు. కనుబొమలు ఒకసారి దగ్గరికొచ్చాయి. నమలడం ఆగింది. మళ్ళీ మొదలైంది. ఏదో వెతుకుతున్నట్టు నాలుక బుగ్గల్లో అటూ ఇటూ తిరిగింది. తర్వాత నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచింది.

"ఎట్లున్నది?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉప్పు తక్కువైందా? బెల్లం ఇంకొంచెం వేద్దునా?"

"అన్నీ సరిగ్గనే వేసిండ్రు" అంది. "నాకే లేదు."

ఇంకో ముక్క పెట్టమంది. అది కూడా అంతే. మూడోది సగంలో ఆపేసింది. ఏడవలేదు. ఏడుపుకు కూడా తడి కావాలి. చేతిలో మిగిలిన సగం ముక్కను చాలాసేపు చూసి అతని వైపు చాచింది.

"మీరు తిని చెప్పుండ్రి."

"నేనా?"

"ఎట్లున్నదో చెప్పుండ్రి. అట్లన్న తెలుస్తది."

బ్రహ్మచారి ఆ ముక్క అందుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. ముందు తీపి వచ్చింది. నమిలితే ముక్క పంటి కింద నలిగి, ఉప్పు, ఆ వెనక పొగ. దాని కింద ఇంకేదో. రెండు చేతులూ మోకాళ్ళ మీద అదిమి మింగేశాడు.

"చెప్పుండ్రి" అంది ఆమె ముందుకు వంగి.

"తియ్యగున్నది."

"తర్వాత?"

"ఉప్పగ."

"పొగ? ఎనక నుంచి వస్తదా పొగ?"

"వస్తుంది."

"కాఫీ చేదు? లాస్ట్‌కు, గొంతుల?"

అతనికి కాఫీ చేదు తెలియలేదు. వాంతి రాకుండా ఆపుకోవడంలోనే ఉన్నాడు. "వస్తుంది" అన్నాడు.

"ఎట్ల వస్తది? జెర మంచిగ చెప్పుండ్రి."

చెప్పాలని చూశాడు. నోరు తెరిచాడు. తీపి అంటే తీపి, ఉప్పంటే ఉప్పు. అంతకు మించి అతని దగ్గర మాటలు లేవు. ఆమె ఎదురుగా కూర్చుని అతని నోటి వంకే చూస్తోంది. "బాగున్నది సుమిత్రా" అన్నాడు. "మస్తు బాగున్నది."

ఆమె వెనక్కి వాలింది. "అబద్ధం చెప్తున్నరు. మీకు కడుపుల తిప్పుతుంది" అంది. అని, ఎన్నాళ్ళకో కొంచెం నవ్వింది. "పోయి నోరు కడుక్కోండి."

శ్యామలమ్మ తిరిగొచ్చేసరికి మూకుడు తోమి బోర్లించి ఉంది. ఇంట్లో వాసన ఇంకా పోలేదు. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. చెప్పులు విడిచి, నేరుగా తమ్ముడి దగ్గరకొచ్చి, "తిన్నదా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి పోయి రాగి జావకు నీళ్ళు పెట్టింది.

తర్వాతి వారం ఆస్పత్రిలో బరువు చూసి ఇంక ఆగడానికి లేదన్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, చెంపకు ప్లాస్టర్ అంటించారు. లావుపాటి సిరంజిలో పాలు, జావ ఎట్లా పొయ్యాలో నర్సు బ్రహ్మచారికి నేర్పింది. తొందరపడి నెట్టొద్దు, పైకెత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది అని చెప్పింది. బరువు నెమ్మదిగా పెరుగుతుందన్నారు. రుచి కొందరికి కొన్ని నెలలకు తిరిగొస్తుందన్నారు. అందరికీ అనలేదు.

అప్పటి నుంచి పొయ్యడం అతని పని. ఒక మధ్యాహ్నం అట్లాగే సిరంజి ఎత్తి పట్టుకుని, అందులో జావ మెల్లగా దిగడం చూస్తున్నాడు.

"అక్క ఇయ్యాల ఏం కూర చేసింది?" అంది సుమిత్ర.

"బీరకాయ."

"తిన్నరా?"

"తిన్న."

"ఎట్లుండె?"

సిరంజిలో జావ సగానికి వచ్చింది. బ్రహ్మచారి ఆలోచించాడు. పొద్దున తిన్న కూరను నోట్లోకి మళ్ళీ తెచ్చుకోవాలని గట్టిగా చూశాడు. ఆమె ఎదురుచూస్తోంది.

"బాగుండె" అన్నాడు. ఇంకేదన్నా దొరుకుతుందేమోనని ఆగాడు. "జెర కారం ఎక్కువైంది" అన్నాడు.

"ఎండుమిర్చా, పచ్చిమిర్చా?"

అది అతను చూసుకోలేదు. వంటింట్లోకి పోయి అక్కను అడుగుదామంటే చెయ్యి ఖాళీ లేదు. సిరంజి దించకూడదు.