రాసిన అంకె

ఓవర్సీరుగారింట్లో ఇంటి ప్లాను గీయడం నేర్చుకుంటానంది మా అమ్మాయి రత్నమాల. పిల్లను ఒంటరిగా పంపడానికి భయమేసి నేనూ రోజూ వెంట వెళ్ళాను. పక్కన కూర్చుని కూర్చుని ఆ గీతలు చదవడం నాకూ వచ్చేసింది.

యాభైమూడు వరదలో గన్నవరంలోని మా ఇల్లు కూలింది. నీళ్ళు నాలుగడుగులకు మూడంగుళాలు తక్కువ వచ్చాయి. అందుకే కొత్తింటి ప్లానులో రత్నమాల గచ్చు ఎత్తు నాలుగడుగులని రాసింది. మేస్త్రీ అమ్మిరాజు, వానకు తడిసి ముడుచుకున్న కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి, మూడున్నర దగ్గరే ఆపేశాడు.

"ఇంకో రెండు వరసలు కట్టండి," అన్నాను.

"కాగితంలో ఇంతే ఉందండీ."

"కాగితాన్ని కొలవకూడదు మేస్త్రీగారూ, రాసిన అంకె చదవాలి. అక్కడ నాలుగని ఉంది."

"ఆయ్, తమరు ప్లాన్లు కూడా చదివేత్తున్నారాండీ? రేపే ద్వారబంధం ముహూర్తం. దాటితే అరిష్టమండీ."

"అరిష్టమంటే నాకంటే భయపడేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. అయినా దాటనివ్వండి."

గుమ్మానికి వదిలిన ఖాళీలో ప్లాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అతను తాపీ అందుకున్నాడు. రెండో వరస లేచి, రత్నమాల టేపు పెట్టి నాలుగని చెప్పేదాకా నేను లేవలేదు.