తలుపు పడిన చప్పుడు

చెవిగారికి కార్లంటే పెద్ద ఇష్టమేమీ లేదు. కార్ల తలుపులంటే ఇష్టం. అదీ తెరిచినప్పుడు కాదు, వేసినప్పుడు.

ఆయన పనిచేసింది డబ్బున్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి వరసలో ఉండి కొనుక్కునే స్పోర్ట్స్ కార్ల కంపెనీలో. అక్కడ ఇంజిన్ వాళ్లు ఇంజిన్లు బిగించేవాళ్లు, తోలు వాళ్లు సీట్లు కుట్టేవాళ్లు, ఈయన తలుపు వేసి వినేవాడు. అంతే ఉద్యోగం. ఆ పేరూ అందులోంచి వచ్చిందే. పెళ్లికి ముందు కాబోయే మావగారు "ఇంతకీ అబ్బాయి చేసే పనేమిటి?" అని అడిగితే, ఈయన తండ్రి చాలాసేపు ఆలోచించి, "మావాడు ఊఁ అంటేగానీ అక్కడ బండి బయటికి కదలదు" అన్నాడు. అది అబద్ధం కాకపోవడం ఆయన అదృష్టం.

కంపెనీ పెట్టిన పెద్దాయన మొదట ఇనప్పెట్టెలు చేసేవాడు. దొంగలు ఎత్తుకుపోయారేగాని తెరవలేకపోయారని వాటికి పేరు. "ఎప్పుడూ మూలన పడుండే వస్తువులేనా, కదిలేది ఒక్కటి చెయ్యలేరా?" అని భార్య దెప్పితే పౌరుషానికి పోయి కారు చేశాడట. ఆ మొదటి బండి పందెంలో అందరికన్నా వెనకబడి, మలుపులో పల్టీలు కొట్టి పొలంలో పడింది. నడిపేవాడు తలుపు తీసుకుని దిగి, బట్టలు దులుపుకుని, మర్యాదగా తలుపు వేశాడు. ఆ చప్పుడు విన్నవాళ్లు పందెం ఎవరు గెలిచారో మరిచిపోయారు. మర్నాటి నుంచి ఆర్డర్లే ఆర్డర్లు. కంపెనీలో చెప్పుకునే కథ ఇది. ఇందులో నిజమెంతో ఎవరికీ తెలియదు. అడగకూడదని మాత్రం అందరికీ తెలుసు.

అప్పటినుంచీ ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. బండి పూర్తికాగానే ప్యూన్ గట్టిగా "మూత!" అని అరిచేవాడు. యంత్రాలన్నీ ఆగిపోయేవి. సుత్తులు కింద పెట్టేవారు. దగ్గొచ్చేవాళ్లు ముందే బయటికి నడిచేవారు. అప్పుడు చెవిగారు బండి దగ్గరికొచ్చి, అరచేత్తో తలుపు నెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. ముందు తాళం "టక్" అనాలి. ఆ వెంటనే, పొద్దుట్నుంచీ నిలబడి పనిచేసిన మనిషి కుర్చీలో కూలబడ్డట్టు, లోపలి గాలి "హుఁ" అనాలి. రెండూ కలిసి ఒకే మాటలా వినిపించాలి. అలా వినిపిస్తే తలాడించేవాడు. ఆ తల ఊగాకే బండి బయటికి వెళ్లేది.

ఒకసారి ఓ పెద్ద కొనుగోలుదారు డ్రైవరుతో, పూలగుత్తితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల ఊగలేదు. "కొంచెం చూసీచూడనట్టు పోరాదూ?" అన్నాడు మేనేజరు. పెద్దాయన మేనేజరుని పక్కకి తప్పుకోమని, కొనుగోలుదారుని కాఫీకి తీసుకెళ్లి, సాయంత్రం దాకా తెమలనివ్వలేదు. పూలగుత్తి వాడిపోయింది. తలుపు బాగుపడింది.

ఇంత గొప్ప చెవులు ఇంట్లో ఉంటే ఇంటివాళ్లకి సుఖం ఉండదు. బీరువా, ఫ్రిజ్, వంటింటి అలమర, అన్నీ పరీక్షకి నిలబడాల్సిందే. చుట్టాలు బయల్దేరుతుంటే "మళ్లీ రండి" అనేవాడు కాదు, వాళ్ల ట్యాక్సీ తలుపు పడేదాకా చెయ్యెత్తి అందరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. హాల్లో గోడమీద కంపెనీ క్యాలెండరు ఉండేది. ఎర్ర కారు బొమ్మ బాగుందని ఏళ్లు గడిచినా మార్చలేదు. తారీఖు కావాలంటే పక్కింటికి వెళ్లి చూసుకునేవారు. ఆయన మాత్రం జీవితమంతా స్కూటరు మీదే తిరిగాడు. దానికి తలుపుల్లేవు. మనశ్శాంతి.

"మీరు చేసిన కారులో ఒక్కసారైనా ఎక్కారా?" అని పై వాటాలో ఉండే ఆయన అడిగేవాడు.

"ఎక్కితే లోపలి చప్పుడు తెలుస్తుంది. నా పని బయటిది," అనేవాడు చెవిగారు.

పెద్దాయన పోయాడు. కొడుకులు కంపెనీని ఇంకో పెద్ద కంపెనీకి అమ్మేశారు. తలుపు చప్పుడు వినడానికి మిషన్ వచ్చింది. చెవిగారు శాలువా, గోడగడియారం పుచ్చుకుని రిటైరయ్యాడు.

తర్వాత కొన్నాళ్లకి ఇంట్లో ఒక వింత మొదలైంది. తలుపులన్నీ బాగుపడసాగాయి. ముందు ఫ్రిజ్. ఒకరోజు వేస్తే పువ్వు మీద పువ్వు పడ్డట్టు పడింది. మురిసిపోయాడు. తర్వాత అలమర, తర్వాత బీరువా. చివరికి ఎన్నాళ్లనుంచో కీచుమంటున్న స్నానాలగది తలుపు కూడా మెత్తగా, మారుమాట లేకుండా మూసుకుంది. అప్పుడు ఆయనకి అనుమానం వచ్చింది. ఇంట్లో తలుపులన్నీ ఒక్కసారి బుద్ధిమంతులవడం జరిగే పని కాదు. గుమ్మంలో కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు, చెవులు చూసుకోవడం కుదరదు గనక.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య కనిపెట్టలేదా అంటే, కనిపెట్టడానికి తేడా ఉంటేగా. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ మాటలు ఆయనకి వినపడేవి కావు. ఇప్పుడు నిజంగానే వినపడటం లేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఆయన తలాడిస్తూనే ఉన్నాడు. కాపురం ఎప్పటిలాగే సాగుతోంది.

అలాంటి రోజుల్లో కంపెనీనుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంజినీరు. సోఫా మీది ప్లాస్టిక్ కవరు చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలని నానా అవస్థా పడుతూ సంగతి చెప్పింది. ఆయన పెదాలు చూస్తూ విన్నాడు. కంపెనీ పండగ చేసుకుంటోంది. పొలంలో పల్టీకొట్టిన ఆ మొదటి బండిని వెతికి పట్టుకొచ్చి బాగుచేశారు. దాన్ని మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఆనవాయితీ ప్రకారం ముందు మూత.

"మిషన్ ఉంది కదమ్మా," అన్నాడు.

"మిషన్‌కి కొత్త బళ్లే తెలుసు సార్. ఈ బండికి ఏ చప్పుడు రావాలో దానికి ఎవరూ నేర్పలేదు. మీరు తలూపితేనే బయటికి తీద్దామని అందరం అనుకున్నాం."

కుదరదని చెప్పేవాడే. కానీ భార్య అప్పటికే కాఫీ ఇచ్చి, ఆయన తరఫున ఒప్పేసుకుని, ఏ చీర కట్టుకోవాలో కూడా తేల్చేసుకుంది.

ఆ రోజు అల్లుడు తన కారులో తీసుకెళ్లాడు. దిగి, తలుపు వేసి, అలవాటుగా భయంభయంగా మావగారి మొహం చూశాడు. చెవిగారు ఏమీ అనలేదు.

"మావయ్యగారు మన కారుని ఏమీ అనలేదండీ!" అన్నాడు అల్లుడు, ప్రమోషన్ వచ్చినంత సంబరంగా.

"మొదటిసారి," అంది అత్తగారు, అనుమానంగా భర్త వంక చూస్తూ.

షెడ్డు పాతదే, నేల మాత్రం అద్దంలా మెరుస్తోంది. పైకప్పు రేకులకి తెల్లరంగు వేశారు. వానాకాలంలో బకెట్లు పెట్టిన చోట ఇప్పుడు పూలకుండీలున్నాయి. పాతవాళ్లు కొందరు వచ్చారు. సీట్లు కుట్టినాయనకి చేతులు వణుకుతున్నాయి. పాలిష్ పట్టినాయన జుట్టుకి రంగేసుకున్నాడు, అది మాత్రం సరిగ్గా పట్టలేదు. "ఏం చెవిగారూ, బతికే ఉన్నారా?" అన్నట్టు నోరు కదిపాడు. చెవిగారు తలాడించాడు. ఆ ప్రశ్నకి తలాడిస్తే చాలు.

మధ్యలో ఆ బండి. చిన్నది. ఇప్పటివాటి పక్కన పెడితే ఆటబొమ్మ. కానీ ముందు దీపాల మధ్య ముక్కు పైకెత్తి, పందెంలో ఆఖరున వచ్చినా లెక్కచెయ్యనట్టు నిలబడింది. చెవిగారు ఆ షెడ్డులో అడుగుపెట్టిన కొత్తల్లో పెద్దాయన ఈ బండి తలుపే ఆయనచేత రోజూ వేయించేవాడు. "ఇది విను. మిగతావన్నీ దీని పిల్లలు," అనేవాడు. తర్వాత ఎవరో కొనుక్కుపోయారు.

ముసలి ప్యూన్ గుండెలనిండా గాలి తీసుకుని నోరు తెరిచాడు. మూత. అందరూ బిగుసుకుపోయారు.

ఒకప్పుడు ఆ నిశ్శబ్దంలో చెవిగారికి ఎన్ని వినిపించేవో! రేకులమీద పిచ్చుకలు, ఆగిన మిషన్ చల్లారుతూ చిటపటలాడటం, టిఫిన్ తినని ప్యూన్ కడుపు. ఇప్పుడు అరవకముందూ నిశ్శబ్దమే, అరిచాకా నిశ్శబ్దమే.

అరచేత్తో తలుపు నెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

అరచేతికి తాళం పడ్డట్టు తెలిసింది. టక్ ఉంది. హుఁ ఎక్కడ? వెంటనే వచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా? చెయ్యి చెప్పలేకపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

తల ఊపితే సరిపోతుంది. చప్పట్లు కొడతారు, ఫోటోలు తీస్తారు, ఎవరికీ తెలియదు. ఇంట్లో అన్నిటికీ ఊపుతూనే ఉన్నాడుగా. కానీ ఇది ఆ బండి. పూలగుత్తి వాడిపోయినా ఫరవాలేదన్న మనిషి బండి. మెడ కదల్లేదు.

"నాకు వినపడలేదు," అన్నాడు కళ్లు తెరిచి.

"ఇంకోసారి వేస్తారా సార్?" అంది ఇంజినీరమ్మాయి.

"వేసినా వినపడదమ్మా. నా చెవులు పోయాయి. చాలా రోజులైంది."

పాలిష్ పట్టినాయన తల దించుకున్నాడు.

ముందు వరస కుర్చీలోంచి చెవిగారి భార్య లేచింది. భర్త ముందుకొచ్చి, మొహానికెదురుగా నిలబడి, పెదాలు విడదీసి విడదీసి మాట్లాడింది.

"నా మాటలు వినకపోవడం నటన కాదన్నమాట!"

"మొన్నటిదాకా నటనే," అన్నాడాయన నిజాయితీగా. "ఈమధ్యే కాదు."

"ఆ సంగతి ఇంటికెళ్లాక తేల్చుకుందాం. ముందు ఆ తలుపు వెయ్యండి."

"నీకెందుకే?"

"బీరువా దగ్గర నిలబెట్టి, విను విను అని నా ప్రాణం తీశారు కదా ఇన్నేళ్లూ? నా చెవులకేం రోగం? వెయ్యండి."

వేశాడు. ఆవిడ కళ్లు మూసుకోలేదు. మూతి విరిచింది.

"మన అమ్మాయి చిన్నప్పుడు బీరువా తలుపు పట్టుకుని ఊగేది, గుర్తుందా? ఆ తర్వాత అదెలా పడేదో, అచ్చం అలా పడుతోంది. ముందు టక్‌మంటోంది. కాసేపయ్యాక, మీ అక్కయ్యగారు కాఫీలో చక్కెర తగ్గిందని మూలిగినట్టు ఓ మూలుగు."

చెవిగారి మొహం వెలిగింది. "పై మడతబందు దిగింది! ఒక్క పిసరు!"

ఇంజినీరమ్మాయి పరిగెత్తి రెంచీ తెచ్చింది. ఆయన మోకాలితో తలుపుని కాస్త పైకెత్తిపట్టాడు. ఆ అమ్మాయి బందు బిగించింది. "చాలు. ఇంకాస్త. చాల్చాలు." ప్యూన్ మళ్లీ నోరు తెరిచాడు.

తలుపు వేసి, చెవిగారు ఈసారి కళ్లు మూసుకోలేదు. భార్య మొహం చూశాడు. పెళ్లయ్యాక అంత శ్రద్ధగా చూడటం అదే మొదలేమో. ఆవిడ నుదురు ముడిపడింది, విచ్చుకుంది, పెదవి ఒక పక్కకి వంగింది.

ఆవిడ తలాడించింది.

అప్పుడాయనా ఊపాడు. బండి స్టార్టయింది. ఆ చప్పుడు ఆయనకి అరికాళ్లలోంచి పైకెక్కింది. సీట్లు కుట్టినాయన ఆయన భుజం పట్టుకుని ఏడుస్తున్నాడు. ఏమంటున్నాడో తెలియలేదు. తెలియాల్సిన పని లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే చెవిగారు బీరువా దగ్గరికి వెళ్లాడు. తలుపు వేసి, భార్య వంక చూశాడు.

ఆవిడ చెయ్యి అటూ ఇటూ ఊపింది. ఫరవాలేదు.

స్నానాలగది తలుపు వేశాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకుని చూపించింది.

ఫ్రిజ్ వేశాడు, ఆశగా. పువ్వు మీద పువ్వు పడ్డ ఫ్రిజ్.

"అదా?" అంది ఆవిడ ఎదురుగా వచ్చి. "అది అసలు పడటమే లేదండీ. ఏడాదై పాలు విరుగుతుంటే పాలవాణ్ణి తిడుతున్నాను."

చెవిగారు స్క్రూడ్రైవరు తెచ్చుకుని ఫ్రిజ్ ముందు చతికిలబడ్డాడు. ఆవిడ కుర్చీ లాక్కుని, ఆయనకి కనబడేలా కూర్చుంది.