తొడుక్కున్న దిగులు

ఇదిగో, నీకే చెబుతున్నాను, అటూ ఇటూ చూడకు. తెగిన చెప్పులవాడు ఎదురైతే "తెలివే ఉంటే వీడి బతుకు ఇలా ఎందుకుంటుంది" అనుకున్నావా, లేదా? కారు దిగినవాడు ఎంత పనికిమాలిన మాట చెప్పినా బుద్ధిగా తల ఊపావా, లేదా? ఊపే ఉంటావు. ఊపి ఊపి మెడ నొప్పి పుట్టి ఉంటుంది. కాసేపు ఆ మెడ నిటారుగా పెట్టుకుని ఇది విను.

ఒక వీధి చివర పెద్ద లాండ్రీ ఉండేది. పొద్దున ఏడింటికి తలుపులు తీసేవారు. వెనక గదిలో ఉతుకు, పెరటి షెడ్డులో ఆరబెట్టడం, ముందు గదిలో ఇస్త్రీ, మడత. ఇస్త్రీ బల్లల్లో కిటికీ పక్కది అక్కది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు. ఎదురు బల్ల దగ్గర మడతలు పెట్టే ముసలావిడ అందరికీ పిన్ని.

అక్క చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, కాలరు మీద పెట్టె ఆనించగానే సుయ్యిమని ఆవిరి లేచేది. ఆ చొక్కా తొడుక్కున్న మనిషి తలలో తిరిగిన ఆలోచనలన్నీ ఆ ఆవిరితో పాటు లేచి, తమ మాట తాము చెప్పేసి, కిటికీలోంచి పోయేవి. బట్ట చెమటని పీల్చినట్టే ఆలోచననీ పీలుస్తుంది, వేడి తగిలితే వదిలేస్తుంది. ఇందులో వింతేమీ లేదు, ఇస్త్రీ చేసేవాళ్ళందరికీ తెలిసిందే.

బ్యాంకు మేనేజరు చొక్కా రెండు నిమిషాల పని. "మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలి" అని ఒక్క మాట చెప్పి ఊరుకునేది. మూటలు మోసేవాడి చొక్కాకి పావుగంట పట్టేది. "వంతెన మీంచి పోతే ఎత్తు ఎక్కాలి, సందులోంచి పోతే మలుపులు, మూట ఎడమ భుజానికి మారిస్తే మోకాలికి సుఖం, సబ్బుబిళ్ళ సగానికి కోస్తే శనివారం దాకా వస్తుంది..." ఆవిరి ఆగేది కాదు.

"ఈయన మంత్రి కావలసినవాడే" అనేది పిన్ని.

"తీరికుంటే అయ్యేవాడే పిన్నీ" అనేది అక్క.

యజమాని మాత్రం ఆ ఆవిరి వినేవాడు కాదు. పెద్ద కుర్చీలో కూర్చుని, రోజుకోసారైనా ఈ మాట అనేవాడు: "బుర్ర ఉన్నవాడి దగ్గరే డబ్బుంటుంది. ఇంత పెద్ద లాండ్రీ నా చేతిలో ఉంది. ఇక మీరే ఆలోచించుకోండి."

"ఆలోచించామండీ" అంది పిన్ని ఒకసారి. "లాండ్రీ పెట్టింది మీ నాన్నగారు. ఆ బుర్ర ఆయనతోనే పోయింది."

ఇంకెవరైనా అంటే ఉద్యోగం ఊడేది. పిన్ని మడత పెట్టిన దుప్పటి మళ్ళీ ఇంకెవరూ అలా పెట్టలేరు కాబట్టి బతికిపోయింది.

ఆయనదే ఇంకో మాట కూడా ఉండేది. "లేనివాళ్ళకి దిగులేమిటి? పోగొట్టుకోడానికి ఏమీ ఉండదు. హాయిగా నిద్రపోతారు." ఈ మాట గుర్తుంచుకో. మనిషిని ముంచేది అబద్ధం కాదు, ఆ అబద్ధాన్ని తనే నమ్మడం.

ఆ ఏడు సూపర్‌వైజర్ పని మానేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగంతో పాటు మేడ మీద రెండు గదులు వస్తాయి. గట్టి కప్పు, ఎండ తగిలే కిటికీ. అదే సమయంలో ఊళ్ళోని పెద్ద హోటలు వాళ్ళు తమ దుప్పట్లన్నీ ఇస్తామని కబురు పెట్టారు. ఒకటే షరతు. వానాకాలంలో కూడా పొద్దున ఇచ్చినవి సాయంత్రానికి ఆరి రావాలి.

"దీనికి దారి చెప్పినవాళ్ళదే ఉద్యోగం, వాళ్ళవే గదులు" అని యజమాని అందరి ముందూ ప్రకటించాడు.

అక్కకి ఆ గదులు కావాలి. భర్త పోయాక అత్తగారితో, ఆరేళ్ళ కూతురితో ఒక్క గదిలో ఉంటోంది. ఆ గది కప్పు మూడు చోట్ల కారుతుంది. చెమ్మకి అత్తగారి దగ్గు తగ్గడం లేదు. ఇంకో వానాకాలం ఆ గదిలో గడిస్తే ముసలావిడ దక్కదని డాక్టరు చెప్పేశాడు.

దారి ఏదో ఉందని అక్కకి లీలగా తెలుస్తూనే ఉంది. కానీ ఆలోచన తల ఎత్తేలోపే దాని నెత్తిన ఇంటి కప్పు కారేది. దాన్ని తుడిచి మళ్ళీ లేపితే అత్తగారు దగ్గేది. ఇంకోసారి లేపితే పిల్ల బూట్లు బిగుతయ్యాయని గుర్తొచ్చేది. ఆమెకి బుర్ర లేకపోవడం కాదు. నలుగురు పట్టే గదిలో నలభైమంది దూరితే కొత్త మాటకి చోటెక్కడిది?

అయినా తొమ్మిదో రోజు సాయంత్రం దుప్పటి మడత పెడుతూ చటుక్కున ఆగింది. "పిన్నీ, ఇటు పట్టు. మనం దుప్పటిని ఒకే దండెం మీద వేస్తాం. రెండు పొరలూ అతుక్కుపోతాయి. అదే పక్కపక్కన రెండు దండేలు కట్టి, రెండింటి మీదా పరిచామనుకో. మధ్యలో గాలి దూరుతుంది."

"సగం సేపట్లో ఆరిపోతుందే తల్లీ. వెళ్ళి చెప్పు."

"ఆయన వెళ్ళిపోయినట్టున్నారు. రేపు పొద్దున చెబుతాను" అని అక్క ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, చినుకులు పడకముందే ఇంటికి పరుగెత్తింది.

యజమాని వెళ్ళలేదు. తలుపులు వేయడానికి వచ్చి, కొక్కేలకేసి చూశాడు. అన్ని ఏప్రాన్లూ గాలికి ఊగుతున్నాయి, అక్కది మాత్రం తడిసిన గోనెసంచిలా బరువుగా వేలాడుతోంది. ఏప్రాన్లు వారానికోసారే ఉతికి ఇస్త్రీ చేస్తారు, అది ఆరోరోజు. ఇంత బరువుందంటే ఇందులో ఆలోచన ఉందన్నమాట, అనుకున్నాడు.

ఆ గోడ మీదే ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: ఉతికి ఇస్త్రీ చేయకుండా ఒకరి బట్ట ఇంకొకరు తొడగరాదు. తొడిగితే అందులోని ఆలోచనలు మొదటివాళ్ళని వదిలి తొడిగినవాళ్ళకి అంటుకుంటాయి. రాయించింది ఆయనే. ఎవరికోసం రాయించాడంటే, పనివాళ్ళకోసం. ఏప్రాన్ తీసి తొడుక్కున్నాడు, తాళ్ళు కూడా బిగించి కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున అక్క చెప్పడానికి వచ్చి, నోరు తెరిచి, ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయింది. ఈలోగా యజమాని చప్పట్లు కొట్టి అందరినీ పిలిచాడు. "నేనే కనిపెట్టాను. రెండు దండేలు. మధ్యలో గాలి. చూశారా, బుర్ర అంటే ఇదీ." సూపర్‌వైజర్ ఉద్యోగం తన బావమరిదికి ఇచ్చాడు. దండేలు కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది ఆ బావమరిదేనట.

పిన్ని అక్క చెయ్యి గిల్లింది. "అది నీ మాట. నిన్న ఇక్కడే అన్నావు."

"అన్నానా? నాకు గుర్తే లేదు పిన్నీ. గదులు పోయాయి, ఏడవాలి కదా, ఏడుపు కూడా రావడం లేదు. రాత్రి కప్పు కారింది, కింద గిన్నె పెట్టి నిద్రపోయాను. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని. తల ఊడ్చిన గదిలా ఉంది."

పిన్ని ఏప్రాన్ వైపు చూసింది. తాళ్ళు వేరే ముడి వేసి ఉన్నాయి. ఏమీ అనకుండా మడతలు పెట్టుకుంది. నోరు మూసుకోవడం ఆవిడకి అదే మొదటిసారి.

ఆ వారంలో అక్క తలకి పట్టపగ్గాలు లేవు. దిండు గలీబులు బాయిలరు గోడ పక్కన వేస్తే గంటలో ఆరతాయంది. తెల్లవి పొద్దున, రంగువి మధ్యాహ్నం వేస్తే ఒకే నీళ్ళు రెండుసార్లు పనికొస్తాయంది. కొత్తగా తెలివి పుట్టింది అనుకునేవు. పుట్టలేదు. ఉన్న తెలివికి కూర్చోడానికి చోటు దొరికింది, అంతే.

యజమాని ఇంట్లో సంగతి వేరు. ఒక్క చోట కూడా కారని కప్పు కింద ఆయన మూడు బకెట్లు పెట్టించాడు. అత్తగారికి ఫోను చేసి "దగ్గు ఎలా ఉంది" అని అడిగాడు.

"నాకు దగ్గేమిటి అల్లుడూ? ఇప్పుడే మెట్లెక్కి వచ్చాను."

"దాచకండి అత్తయ్యా" అని ఏడ్చాడు.

పిల్లలు లేని మనిషి, చెప్పుల దుకాణానికి వెళ్ళి, ఆరేళ్ళ పిల్లకి బూట్లు ఒక ఏడాది ఎక్కువ వచ్చేట్టు ఇమ్మని బేరమాడాడు. భార్య రెండు రోజులు మాట్లాడలేదు. సబ్బుబిళ్ళని నాలుగు ముక్కలు చేశాడు. తలలో ఒక మాట మొదలైతే రెండో మాట దాన్ని తోసేసేది.

హోటలు మేనేజరమ్మ పని చూడడానికి వచ్చింది. రెండు దండేల మీద డేరాల్లా పరిచిన దుప్పట్లు చూసి ముచ్చటపడింది. "ఈదురుగాలి వస్తే ఇవి జారిపోవా?" అని అడిగింది.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "ఈదురుగాలి వస్తే... పిల్లని ఏ మూల పడుకోబెట్టాలా అని చూస్తున్నానండీ."

"ఏ పిల్లని?"

"అదే నాకూ తెలియడం లేదు."

అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చింది. "రెండు కొసలూ కలిపి కింద ఒక్క క్లిప్పు పెడితే చాలమ్మా, జారదు. వాన జల్లు కొట్టే వైపు గలీబులు వేస్తాం, అవి తడిసినా గంటలో మళ్ళీ ఆరతాయి. దుప్పట్లు లోపలి వరసలో ఉంటాయి."

మేనేజరమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "సూపర్‌వైజర్ మీరేనా?"

"నేనండీ" అన్నాడు బావమరిది ఆవులిస్తూ. "కానీ ఆవిడైతేనే బాగుంటుంది. నాకు నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి."

"పని ఈవిడ చూస్తానంటే దుప్పట్లు రేపే పంపిస్తాను. లేకపోతే పంపను" అంది మేనేజరమ్మ. వారం తిరక్కుండా అక్క అత్తగారిని చెయ్యి పట్టుకుని మేడ మెట్లు ఎక్కించింది. ముసలావిడ కిటికీ పక్కన ఎండలో కూర్చుని, పదిరోజుల్లో దగ్గడం మాని కోడలి మీద అరవడం మొదలుపెట్టింది. అందరూ సంతోషించారు.

యజమాని ఓ మధ్యాహ్నం పిన్ని బల్ల దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "పిన్నిగారూ, ఇవి పోయే దారి చెప్పండి."

"మీరు తొడుక్కున్నవి వేడికి పోవు బాబూ. దేని దిగులు దాన్ని తీరిస్తేనే పోతుంది."

అక్క ఖాళీ చేసిన గదికి ఆయన కొత్త కప్పు వేయించాడు. తలలో కారే మూడు చుక్కలూ ఆగాయి. అక్క అత్తగారి డాక్టరు ఖర్చు భరించాడు, తలలోంచి ఆ దగ్గూ పోయింది. పిల్లకి బూట్లు తన చేత్తోనే తొడిగాడు. "పెద్దవయ్యాయి తాతయ్యా" అంది పిల్ల. అదీ పోయింది.

ఒక్కటి మాత్రం మిగిలింది. "రేపెలాగ" అనే దిగులు. అది కప్పు మీదా కాదు, బూట్ల మీదా కాదు. తీర్చడానికి దానికి ఒక వస్తువంటూ లేదు. అందుకని అది ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో కొట్టుగది నిండా సరుకుంది, పెట్టె నిండా డబ్బుంది. అయినా భార్య వేడివేడిగా వడ్డించగానే రేపటికి లేకపోతే ఎలా అని కంచం మీద మూత పెట్టేసేవాడు. ఆకలికి నిన్న మూత పెట్టినది తీసి తినేవాడు. బతికినన్నాళ్ళూ పొగలు కక్కే భోజనం రోజూ ఆయన ముందుకు వచ్చింది. బతికినన్నాళ్ళూ ఆయన చద్దిదే తిన్నాడు.