ధాత్రికి చెల్లించిన జీతం

ధాత్రి అత్తగారికి ఉప్మా తినిపిస్తుంటే భరద్వాజ్ గుమ్మంలోంచే తొందరపెట్టాడు. "త్వరగా కానీ. లాయర్ వెయిట్ చేస్తోంది. చిన్న సంతకం, అంతే."

కమలకుమారి ముద్దను బుగ్గన పెట్టుకుని కోడలి వంక చూసింది. మతిమరుపు ముదిరి మనుషుల్ని పోల్చుకోలేని స్థితి వచ్చాక, ఆవిడ కెనడాలో, స్కార్‌బరోలో నర్సుగా చేసి దాచుకున్న డబ్బుకు కోర్టు కొడుకును గార్డియన్‌గా నియమించింది. ఆవిడ సొమ్ము ఆవిడ కోసమే ఖర్చుపెట్టాలి. దేనికి ఖర్చయిందో కోర్టుకు లెక్క చెప్పాలి. ఆ లెక్కలు దాఖలు చేయమని ఇప్పుడు నోటీసు వచ్చింది.

గార్డియన్‌గా పేరు భరద్వాజ్‌ది. స్నానాలూ, డైపర్లూ, మంచులో వీల్‌చెయిర్ తోసుకుంటూ ఆస్పత్రికి తిరగడమూ ధాత్రివి. ఇందుకోసమే ఉద్యోగం మానేసింది. ఓసారి నడుం పట్టేసి, సాయానికి మనిషిని పెట్టుకుందామంటే, "మా అమ్మను చూసుకోవడానికి కూడా జీతాలా? నువ్వు ఇంట్లో ఖాళీయేగా" అన్నాడు. ఆడపడుచు ఫోన్లో "కన్నతల్లి అయితే ఇలా అనేదానివా వదినా?" అంది. ధాత్రికి ఏడుపు రాలేదు గానీ, ఆనాటి నుంచి అడగడం మానేసింది.

కమలకుమారిని వీల్‌చెయిర్‌లో వెంటబెట్టుకుని ఇద్దరూ లాయర్ ఆఫీసుకు వెళ్లారు. లాయర్ అఫిడవిట్‌ను ధాత్రి ముందుకు జరిపింది. అత్తగారి సంరక్షణకు జీతంగా ధాత్రికి అరవై వేల డాలర్లు ముట్టినట్టు అందులో ఉంది. భరద్వాజ్ తన ఒక్కడి పేరున ఒషావాలో కొన్న ఇంటికి కట్టిన డౌన్‌పేమెంట్ కూడా అంతే. అప్పుడు బోనస్ వచ్చిందని చెప్పాడు. ఇన్నాళ్లూ పనే కాదన్న పనికి చివరికి ఖరీదు కట్టాడు, తన దొంగతనం కప్పుకోవడానికి.

"ఇదంతా నిజమేనని ప్రమాణం చేస్తారా?" లాయర్ అడిగింది.

"చదివింది మేడమ్" అని, తెలుగులో గొంతు తగ్గించాడు భరద్వాజ్. "పెట్టు ధాత్రీ. ఇంటికెళ్లాక అన్నీ చెప్తా."

"నాకు ఒక్క డాలర్ కూడా ముట్టలేదు" అంది ధాత్రి. లాయర్ వైపు తిరిగి, అదే మాట ఇంగ్లీషులో మళ్లీ అంది.

లాయర్ కాగితాలు వెనక్కి తీసుకుంది. "అయితే ఈ లెక్క నేను ఫైల్ చేయలేను. నేను ఆయన లాయర్‌ని కాబట్టి మీకు సలహా ఇవ్వకూడదు. మీరు వేరే లాయర్‌ని చూసుకోండి."

బయటికి రాగానే భరద్వాజ్ మండిపడ్డాడు. "మా అమ్మ, మా అమ్మ డబ్బు. మధ్యలో నీకేంటి నొప్పి? కోర్టు నన్ను గార్డియన్‌గా తీసేస్తే నువ్వెక్కడుంటావు?"

ధాత్రికి ఉద్యోగం లేదు, తన పేరున ఇల్లు లేదు.

వీల్‌చెయిర్‌లోంచి కమలకుమారి "అమ్మా, చలి" అంది, కోడలి చెయ్యి పట్టుకుని. ధాత్రి శాలువా సర్ది, కుర్చీని బస్‌స్టాప్ వైపు తిప్పింది. భరద్వాజ్ వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు, తర్వాత కారు తలుపు వేసుకున్నాడు.

బస్సు కోసం నిలబడి, ఉచిత న్యాయ సహాయం చేసే వాళ్లకు ఫోన్ చేసింది. గార్డియన్ తప్పుడు లెక్కలు రాశాడని చెప్పింది. ఆ గార్డియన్ మీకేమవుతారని అటునుంచి ఎవరో అమ్మాయి అడిగింది.

"మా ఆయన" అంది ధాత్రి. "పేరు రాసుకోండి."